చాకు కొనాలనుకునే తమ్ముడికి

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఇంటర్ చదివే మన తమ్ముడొకడు నాకు విడిగా ఒక ఫోటో పంపాడు. నల్లటి మడత చాకు. వీపు మీద రంపం పళ్ళు, పిడి మీద పుర్రె బొమ్మ. "అన్నా, 299 కే వచ్చేస్తుంది. రోజూ జేబులో పెట్టుకుందామని. నువ్వు కూడా కొన్నావంట కదా, ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందనో బాలేదనో ఒక్క ముక్కలో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఈ ఏడాదిలో నా చేతిలోకి మూడు మడత చాకులు వచ్చాయి, ఒక వేలికి కుట్లు పడ్డాయి, ఒకసారి బస్సు దిగి నిలబడాల్సి వచ్చింది. ఇదంతా ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది పాడేరు అవతల కొండ మీద ఊరు. మన ఊళ్ళల్లో కత్తి లేని ఇల్లు ఉండదని మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే కాఫీ తోటకి వెళ్ళినా, కట్టెలకి వెళ్ళినా, అడ్డాకులకి వెళ్ళినా నాన్న నడుముకి కత్తి ఉంటుంది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడే వెదురు చీల్చడం నేర్పించాడు. కత్తి అంటే మనకి చెప్పుల్లాంటిది, వేసుకుని బయల్దేరతాం, అంతే. డిగ్రీ కోసం విశాఖపట్నం వచ్చేటప్పుడు మా ఇంట్లో కాలేజీ గురించి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. పెట్టె సర్దుతుంటే నాన్న అడిగాడు: "కత్తి ఏదీ?" హాస్టల్లో కత్తి ఎందుకు నాన్నా అన్నాను. "మరి ఏటైనా కొయ్యాలంటే?" అన్నాడు. నేను నవ్వాను.

హాస్టల్‌కి వచ్చిన మొదటి నెలలోనే నాన్న ప్రశ్న గుర్తొచ్చింది. ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ కొయ్యడానికి ఏమీ లేదు. స్టీలు గ్లాసు అంచుతో కోసేవాళ్ళం. పార్సిల్ తాడు పళ్ళతో కొరికేవాళ్ళం. గడ్డం గీసుకునే బ్లేడుతో పెన్సిల్ చెక్కి ఒకడు చెయ్యి కోసుకున్నాడు. నాది బోటనీ గ్రూపు. ఫీల్డుకి వెళ్ళినప్పుడు కొమ్మ కోసి హెర్బేరియం షీటుకి సిద్ధం చెయ్యాలన్నా ఎవరినో అడగాల్సి వచ్చేది. కొండ నుంచి వచ్చినవాడిని, ఒక కొమ్మ కొయ్యడానికి పక్కవాడి కత్తెర అడుక్కోవడం నాకు చాలా చిన్నతనంగా అనిపించింది.

సెకండియర్‌లో, జూలైలో అనుకుంటా, పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు రోడ్డు పక్క బండి మీద చాకులు కనపడ్డాయి. బేరమాడి మూడు వందలకి ఒకటి తీసుకున్నాను. తమ్ముడు పంపిన ఫోటోలో ఉన్నలాంటిదే. కంపెనీ పేరు ఏమీ లేదు.

నిజం చెప్తున్నాను, మొదటి పది నిమిషాలు నాకు అది ప్రపంచంలో అన్నిటికంటే మంచి చాకు. బొటనవేలితో నెడితే టక్కున తెరుచుకుంది. చేతిలో బరువుగా ఉంది. కాగితం సర్రున కోసింది. రూముకి వచ్చి అందరికీ చూపించాను, అందరూ ఒకసారి టక్ టక్ అనిపించారు. దాని లాక్ ఎలా పనిచేస్తుందంటే, పిడి లోపల ఒక పల్చటి రేకు ఉంటుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకి జరిగి అలుగు మొదట్లో అడ్డం నిలబడుతుంది. దీన్ని లైనర్ లాక్ అంటారు. మళ్ళీ ముయ్యాలంటే ఆ రేకుని బొటనవేలితో పక్కకి నొక్కాలి. పద్ధతి మంచిదే, మంచి చాకుల్లో కూడా ఇదే వాడతారు. కానీ ఆ రేకు మందం ఎంత, అలుగు కింద సరిగ్గా ఎంత వరకు వచ్చి కూర్చుంది అన్నది చూడాలి. నేనేం చూశాను? పదును చూశాను, నలుపు చూశాను.

తొమ్మిదో రోజు బట్టలారేసే తాడు గట్టిగా ముడిపడిపోతే చాకు మొన ముడిలో గుచ్చి తిప్పాను. రేకు జారిపోయింది. అలుగు నా చూపుడు వేలు మీదకి మూసుకుంది. మూడు కుట్లు. రాసే చెయ్యే కావడంతో రెండు వారాలు రికార్డు రాయలేకపోయాను, మా రూమ్మేటే రాసిపెట్టాడు. కుట్లు విప్పాక చాకుని తీరిగ్గా చూస్తే తెలిసింది, అలుగు తెరిచి పట్టుకుని పక్కలకి కదిపితే ఊగుతోంది. కొన్నరోజే ఊగి ఉంటుంది. నేనే చూడలేదు.

రెండో చాకు మా సీనియర్ అన్నది. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొనుక్కున్నాడు. ఎర్రటిది, పిడి మీద శిలువ గుర్తు. విక్టోరినాక్స్ స్పార్టన్ అనే మోడల్. మూసినప్పుడు పొడవు 91 మిల్లీమీటర్లు, అంటే మన చూపుడు వేలికంటే కొంచెం ఎక్కువ. అందులో పెద్ద అలుగు ఒకటి, చిన్న అలుగు ఒకటి, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, రంధ్రం చేసే మొన, పిడిలో దూర్చిన చిన్న పట్టకారు, పన్నుపుల్ల. మొదట చూసినప్పుడు నాకు నచ్చలేదు. బొమ్మలా ఉంది అనిపించింది. గోరుతో లాగి తెరవాలి, టక్ అనదు. లాక్ కూడా లేదు. వీపు వైపు ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది, అదే అలుగుని తెరిచినచోట ఆపుతుంది. గట్టిగా తోస్తే మూసుకుంటుంది.

అయితే వాడుతుంటే ఒక విషయం అర్థమైంది. లాక్ లేదని ఆ చాకు దాచిపెట్టదు. నీకు ముందే తెలుసు కాబట్టి మొనతో గుచ్చవు, మెలితిప్పవు, కోత పనికే వాడతావు. నా మూడు వందల చాకు లాక్ ఉందని చెప్పింది, నేను నమ్మాను.

ఆ చాకు కథ అన్న చెప్తే తర్వాత నేను కూడా చదివాను. స్విట్జర్లాండ్‌లో కొండల మధ్య ఇబాఖ్ అనే ఊరు. అక్కడ కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో చాకుల పని మొదలుపెట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతంలో పనులు లేక జనం దేశం విడిచి వలసపోయేవాళ్ళు. వాళ్ళ సైన్యానికి చాకులు జర్మనీ నుంచి వచ్చేవి. ఆ పని మన ఊరికే రావాలని ఈయన తోటి చాకుల పనివాళ్ళని ఒక సంఘంగా కలిపాడు. 1891లో సైన్యానికి మొదటిసారి చాకులు ఇచ్చాడు. ఇది చదివినప్పుడు నాకు మన కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఊళ్ళో పని లేక కేరళకీ చెన్నైకీ బస్సెక్కేవాళ్ళు.

మూడోది మా రూమ్మేట్‌ది. వాళ్ళ అన్న అరకులో టూరిస్టులు దిగేచోట పనిచేస్తాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ముసలి దంపతులు వెళ్ళేటప్పుడు వాళ్ళ చాకు ఇతనికిచ్చి వెళ్ళారంట. ఒపినెల్, ఎనిమిదో నంబరు. చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల అలుగు. అంతే. ఇంకేమీ లేదు. పిడి మెడ దగ్గర ఒక ఇనప ఉంగరం. అలుగు తెరిచి ఆ ఉంగరం తిప్పితే లాక్ పడుతుంది. మూసి తిప్పినా లాక్ పడుతుంది, జేబులో తెరుచుకోదు. లాక్ పడిందో లేదో కంటికి కనపడుతుంది. మా చెల్లికిచ్చినా రెండు నిమిషాల్లో నేర్చుకుంటుంది.

అది చేతిలోకి తీసుకున్న మొదటి క్షణమే నాకు ఏదో తెలిసిన వస్తువులా అనిపించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. దాంతో పచ్చి మామిడికాయ కోశాం. మర్నాటికి అలుగు మీద నీలం, నలుపు కలిసిన మరకలు వచ్చాయి. రూమ్మేట్ పాడైపోయిందని బెంగపడ్డాడు. నేను నవ్వాను. మా నాన్న కత్తి కూడా చింతకాయ కోస్తే ఇలాగే అవుతుంది. అది స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ ఉక్కు. పులుపు తగిలితే రంగు మారుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. తుడిచి ఒక చుక్క నూనె రాస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. సానరాయి మీద నాలుగు సార్లు రుద్దితే పదును తిరిగొస్తుంది. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. అందుకే చేతికి తెలిసిన వస్తువులా ఉంది.

దీని కథ కూడా కొండ ఊరి కథే. ఆల్ప్స్ కొండల్లో సవోయ్ అనే ప్రాంతం. జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో, తనకి పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ చాకు తయారుచేశాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో గొడ్డళ్ళు, కత్తులు చేసే మనిషి. ఆ రైతుల కోసం చేసిన చాకు ఇది. ఆ ఉంగరం లాక్ తర్వాత 1955లో వచ్చింది. చెక్క పిడి తడికి ఉబ్బి అలుగు బిగుసుకుంటే, పిడి చివర బల్లకేసి తట్టి అలుగు బయటికి తెప్పించడం అక్కడి వాళ్ళకి అలవాటంట.

గొడ్డళ్ళు చేసే మనిషి కొడుకు. అక్కడ నాకు మా ఊరి కమ్మరి తాత గుర్తొచ్చాడు. మన జిల్లాలో కమ్మర వాళ్ళు కూడా మనలాగే ఎస్టీ జాబితాలో ఉన్నవాళ్ళే. మా చుట్టుపక్కల ఊళ్ళకి కత్తులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు ఆయన కొలిమిలోవే. సంక్రాంతి సెలవులకి వెళ్తూ రూమ్మేట్‌ని బతిమాలి ఆ చెక్క చాకు తీసుకెళ్ళాను, తాతకి చూపించాలని.

తాత దాన్ని చూసిన పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఈ పోస్టులో నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే. ఆయన పదును చూడలేదు. తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచి, అలుగుని రెండు వేళ్ళతో పట్టుకుని కుడికీ ఎడమకీ కదిపాడు. కదల్లేదు. పైకీ కిందకీ కదిపాడు. ఉంగరం తిప్పి, వేళ్ళు దారికి అడ్డం లేకుండా పట్టుకుని, అలుగు వీపుని దుంగకి ఆనించి మెల్లగా నొక్కాడు. కదల్లేదు. అప్పుడు ఇరుసు మేకు వైపు చూసి అన్నాడు: "ఇరుసు బాగుందిరా. పదును రేపైనా పెట్టుకోవచ్చు. ఇరుసు ఒదులైతే ఇంకేటి పెట్టుకుంటావు?"

నా మూడు వందల చాకు కూడా జేబులోంచి తీసి ఇచ్చాను. పట్టుకోగానే ఒకసారి ఊపి తిరిగిచ్చేశాడు. ఏమీ అనలేదు. నా వేలి మీద మచ్చ చూసి మాత్రం "దీనిదేనా?" అన్నాడు.

మన కత్తులు ఎలా చేస్తారో అప్పుడు మళ్ళీ దగ్గరుండి చూశాను. పాత లారీ కమాను పట్టీ తెస్తారు. లారీ బరువంతా మోసి, వంగి మళ్ళీ లేచే ఉక్కు అది. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, ఆకారం తెచ్చి, మళ్ళీ కాల్చి నీళ్ళల్లో ముంచుతారు. ముంచితే గట్టిపడుతుంది కానీ పెళుసవుతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడి చూపించి, రంగు మారడం కంటితో చూసి ఆపుతారు. ఏ రంగు దగ్గర ఆపాలో తాతకి తెలుసు. పుస్తకంలో దీన్ని టెంపరింగ్ అంటారని, హార్డ్‌నెస్‌కి నంబర్లు ఉంటాయని నేను చెప్తే తాత "మరి నువ్వే ఆపు చూద్దాం" అన్నాడు. నేను ఆపలేను.

"తాతా, ఇలాంటి మడతది నువ్వు చెయ్యలేవా?" అని అడిగాను. "అడిగినోడు ఏడీ?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మేమందరం బజార్లో కొంటున్నాం కదా. ఆయన కొడుకులు ఇద్దరూ కొలిమి దగ్గర కూర్చోరు. ఒకరు చెన్నైలో కంపెనీలో, ఒకరు ఆటో.

ఇప్పుడు బస్సు సంగతి. సెలవులు అయిపోయి విశాఖపట్నం వస్తున్నాను. మూడు వందల చాకు ఇంట్లోనే వదిలేశాను. బ్యాగులో రాజ్మా, దబ్బకాయలు, కొండ చీపుర్ల కట్ట. చెక్క చాకు గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను. ఘాట్ దిగాక ఒకచోట బస్సు ఆపి తనిఖీ చేశారు. గంజాయి కోసం మన దారిలో ఇది మామూలే, మీ అందరికీ తెలుసు. జీన్స్ ప్యాంటు వేసుకుని బ్యాగు తగిలించుకున్న మన కుర్రాళ్ళ బ్యాగులే ముందు విప్పిస్తారు, అది కూడా తెలుసు. గుడ్డ విప్పగానే ఆయన మొహం మారింది. "చాకెందుకురా నీకు?" పళ్ళు కోసుకోడానికి సార్ అన్నాను. "పళ్ళు కోసుకోడానికి గుడ్డలో చుట్టి దాస్తారా?" బస్సు దిగమన్నాడు. ఏ ఊరు, ఏ కాలేజీ, ఎవరు ఇచ్చారు, ఎవరికిస్తున్నావు. ఐడీ కార్డు చూపించాను. దబ్బకాయ తీసి కోసి చూపించమంటారా అని కూడా అడిగాను. ఇరవై నిమిషాలు. బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. చివరికి పెద్దాయన ఒకరు వచ్చి చాకు తెరిచి మూసి చూసి, పంపించెయ్యమన్నారు. తిరిగిచ్చేశారు.

ఎక్కి కూర్చున్నాక నా కాళ్ళు వణుకుతున్నాయి. నా పక్క సీట్లో ఒక పెద్దమ్మ ఉంది. కాళ్ళ దగ్గర గంప. అందులోంచి ఒక కత్తి పిడి పైకి కనపడుతోంది. కింద ఊళ్ళో ఉన్న కూతురికి ఇవ్వడానికి కొత్తగా చేయించిందంట. నా చాకుకి రెండింతలకంటే పొడుగు. దాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. "ఏటి నాన్నా, ఏటి దొరికింది నీ దగ్గర?" అంది. చాకు చూపించాను. చూసి నవ్వింది. "ఇంత దానికా?" అంది.

చాలా రోజులు నేను దీని గురించే ఆలోచించాను. గంపలో పైకి కనపడే కత్తిని పనిముట్టు అనుకున్నారు. మడిచి గుడ్డలో చుట్టిన చాకుని ఆయుధం అనుకున్నారు. మడత చాకులో సుఖం ఏంటంటే అది మడిచి జేబులో పడుతుంది. తంటా కూడా అక్కడే ఉంది. పైగా అది ఎవరి జేబులో ఉందన్నది కూడా చూస్తారు. అది అన్యాయమే. కానీ ఆ అన్యాయంతో పోట్లాడే చోటు ఆ రోడ్డు పక్క కాదు, ఆ టైములో కాదు.

అందుకని చట్టం ఏం చెప్తుందో చదివాను. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద ఉన్న రూల్స్ ప్రకారం 9 అంగుళాలకంటే పొడుగు, లేదా 2 అంగుళాలకంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన నాన్నల కత్తులు అందులోకి వస్తాయి. చిన్న మడత చాకు ఆ కొలతకి చాలా తక్కువ. కానీ కొన్ని చోట్ల వేరే నోటిఫికేషన్లు ఉంటాయి. ఢిల్లీలో బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే చాకులకి కొలత ఇంకా చాలా తక్కువ పెట్టారు. పరీక్ష హాలు, కోర్టు లాంటి చోట్ల, విమానంలో చేతి బ్యాగులో ఎంత చిన్నదైనా కుదరదు. ఇంకొక మాట. మనలో చాలామంది కానిస్టేబుల్‌కి, ఆర్మీకి, టీచర్ పోస్టులకి చదువుతున్నాం. ఉద్యోగం వచ్చాక పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. 299 రూపాయల చాకుతో రీల్ చేసి పెడితే, ఏదో గొడవలో ఆ ఫోటో బయటికొస్తే, మనకి చెప్పుకునే వాళ్ళు ఎవరున్నారు? మా ఇంట్లో అయితే లాయరు దగ్గరికి ఎలా వెళ్ళాలో కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. చాకు కొనొద్దని నేను చెప్పను. కోసుకునే పని మనకి రోజూ ఉంటుంది, కత్తి పట్టుకోవడం మన చేతులకి వచ్చు, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు. కానీ కొనేముందు తాత చూసినట్టు చూడు. తెరిచి పక్కలకి కదుపు. ఊగితే పెట్టెయ్. లాక్ ఉంటే అలుగు వీపుని మెల్లగా నొక్కి చూడు, వేళ్ళు దారిలో పెట్టకుండా. లాక్ లేనిదైతే అది తెలిసి వాడు. మూసినప్పుడు మొన పూర్తిగా పిడి లోపలికి వెళ్ళిందో లేదో చూడు. రంపం పళ్ళు, పుర్రె బొమ్మ, నల్ల రంగు, వీటిల్లో ఏదీ మామిడికాయ కొయ్యదు. అవి చూసేవాళ్ళకి భయం పుట్టించడానికే ఉన్నాయి. ఆ భయం తిరిగి నీ మీదకే వస్తుంది.

నేను ఇప్పుడు జేబులో చాకు పెట్టుకుని తిరగడం లేదు. రూములో అందరికీ కలిపి ఒకటి, కిటికీ దగ్గర, నూనె రాసి. ఫీల్డుకి వెళ్ళే రోజు మాత్రం మొక్కలు నొక్కే అట్టలతో కలిపి అదే సంచిలో పైనే పెడతాను. అడిగితే అట్టలు కూడా చూపిస్తాను.

ఇంకో సంగతి. వచ్చే ముందు రోజు తాత దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "అడిగినోడు ఏడీ అన్నావు కదా, నేను అడుగుతున్నాను. మడతది, చెక్క పిడిది, అరచెయ్యంత. చింత చెక్క నేను తెస్తాను" అన్నాను. తాత చెక్క చాకుని బొగ్గుతో ఒక రేకు మీద పెట్టి చుట్టూ గీసుకున్నాడు. ఇరుసుకి ఏ మేకు వెయ్యాలో ఆలోచించాలి అన్నాడు. మొన్న ఫోన్లో నాన్న చెప్పాడు, మొదటిది ఊగుతుందని తాతే విరగ్గొట్టేశాడంట, రెండోది చేస్తున్నాడంట.

తమ్ముడూ, ఆ 299 అలాగే దాచుకో. వేసవి సెలవుల్లో మా ఊరు రా. కొలిమి దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఒకడు అడిగితే తాత ఒకటి చేస్తున్నాడు. నలుగురం అడిగితే ఏం జరుగుతుందో చూద్దాం.

తప్పులుంటే పెద్దవాళ్ళు చెప్పండి, సరిచేసుకుంటాను. మీ ఊళ్ళో కొలిమి ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే ఆ సంగతి కూడా రాయండి. జోహార్.